వార్షిక నివేదిక: లాకుల గట్టు సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ముగ్గుల పోటీలు, చవితి పందిరి, వేసవిలో కాలువలు కట్టేశాక తాగునీటి ట్యాంకర్లు అన్నీ ఎప్పట్లాగే నడిచాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఈసారి చెప్పాల్సింది వేరే ఉంది.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం, పాలకొల్లుకి కోచింగ్‌కి వెళ్లొచ్చే మన వీధి అమ్మాయి గోడ క్యాలెండర్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. పాల లెక్క టిక్కుల పక్కనే పెన్సిల్‌తో ఒకే బండి నంబరు, టైము. మూడు వారాల్లో తొమ్మిది సార్లు. షేర్ ఆటో దిగింది మొదలు కాలువ లాకుల నుంచి కొబ్బరితోట దాకా ఒకడు బండిని నడకంత నెమ్మదిగా పోనిస్తూ, మాట కలపబోతూ వెనకే వచ్చేవాడట. రావద్దని మొహం మీదే చెప్పినా మానలేదు. ఇంట్లో చెప్పలేదేమ్మా అంటే, "చెబితే కోచింగ్ మానిపించేస్తారండి" అంది.

స్టేషన్‌లో ముందు "ఆ గట్టు మా పరిధి కాదు" అన్నారు. మన సభ్యులైన వకీలు గారు వెంట ఉండబట్టి సరిపోయింది. పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఇలాంటి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ రాత్రే రాశారు.

తర్వాత వకీలు గారితో మీటింగ్ పెట్టాం. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా మాట కలపడానికి పదే పదే ఆడవాళ్ల వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెడుతూ ఉన్నా అంతే. 2013లో పాత శిక్షాస్మృతిలో 354డి గా వచ్చింది ఇదే. మొదటిసారి శిక్ష మూడేళ్ల వరకు, జరిమానా, కానీ బెయిలు హక్కుగా వస్తుంది. "అయితే మర్నాడే గట్టు మీదుంటాడుగా!" అని వెనక వరసలోంచి ఒకాయన లేచారు. ఉండొచ్చన్నారు వకీలు గారు, దాచలేదు. మొదటి కేసులో శిక్ష పడి ఉంటేనే రెండోసారి ఐదేళ్ల దాకా వెళ్తుంది, బెయిలూ కష్టమవుతుంది. ఆ మొదటి కేసు నిలబడాలంటే క్యాలెండర్ మీద ఆ గీతల్లాంటివే కావాలి.

ఆరు దాటాక ఆడపిల్లల్ని పంపవద్దని ఒక తీర్మానం వచ్చింది. రొయ్యల ప్లాంటులో షిఫ్టు దిగి రాత్రి పదింటికి వచ్చే సభ్యురాలు, "మరి నా జీతం ఎవరిస్తారండీ?" అన్నారు. తీర్మానం వెనక్కి తీసుకున్నారు.

ఎవరైనా వెంటపడుతున్నారనిపిస్తే తిన్నగా ఇంటికి పోయి ఇల్లు చూపించకుండా దగ్గర్లో లైటున్న కొట్లోకి వెళ్లి 112 కి ఫోన్ చెయ్యాలి. కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, రైసు మిల్లు వాచ్‌మన్ రమ్మనే అన్నారు.

లాకుల దగ్గర వీధి లైటు కోసం రెండు అర్జీలు పెట్టాం, ఇంకా రాలేదు. ప్రస్తుతానికి టీ కొట్టు నుంచి వైరు లాగి బల్బు వేశాం. దాని కరెంటు ఖర్చు సంఘానిదే, జమాఖర్చుల్లో చివరి పద్దు అదే.

కార్యదర్శి