ప్రతి మెట్టులోనూ యూనిట్ అచ్చు వేయండి

సంపాదకుల వారికి,

పరీక్షల కాలం వచ్చిందంటే తెలుగు పత్రికల విద్యార్థి పేజీల్లో ఇంటర్, ఎప్‌సెట్ మాదిరి ప్రశ్నలు, వాటి సాధనలు వరసగా వస్తుంటాయి. కోచింగ్‌కు వెళ్లలేని పిల్లలకు ఆ పేజీయే ట్యూషన్. అందుకే ఈ ఉత్తరం. రసాయనశాస్త్రం లెక్కల్లో మొదటి మెట్టు నుంచి చివరికి ముందు మెట్టు దాకా ఉత్త అంకెలే వేస్తున్నారు. ఆఖరున మాత్రం ‘మోల్‌లు’ అనో ‘లీటర్లు’ అనో ఒక తోక తగిలిస్తారు. జాగా కలిసొస్తుందని కాబోలు. కానీ పిల్లలు తప్పటడుగు వేసేది ఆ మధ్య మెట్ల మీదే.

యూనిట్ల మార్పిడి పుస్తకంలోనే ఉంటుంది. ‘మిల్లీ నుంచి లీటరుకు వెయ్యి, సెంటీ నుంచి మీటరుకు వంద’ అని వల్లె వేయించి ముందుకు వెళ్లిపోతాం. గుణించాలా, భాగించాలా అన్నది పిల్లవాడి ఊహకు వదిలేస్తాం. నిజానికి ఇందులో ఊహకు పనేమీ లేదు. 1 లీటరన్నా 1000 మి.లీ. అన్నా ఒకటే కాబట్టి, ఒకటి పైన, ఒకటి కింద రాస్తే ఆ భిన్నం విలువ 1. దానితో గుణిస్తే కొలత మారదు, పేరు మారుతుంది. రూపాయి ఇచ్చి వంద పైసలు తీసుకున్నట్టు. 250 మి.లీ.ని లీటర్లు చేయాలంటే మి.లీ. కిందకు వచ్చేలా భిన్నం పెట్టాలి: 250 మి.లీ. × (1 లీ. ÷ 1000 మి.లీ.). మి.లీ.కి మి.లీ. కొట్టేస్తే 0.250 లీ. మిగులుతుంది. భిన్నం తిరగేసి పెట్టినవాడికి మి.లీ. రెండుసార్లు పైన, లీటరు కింద నిలబడి వెక్కిరిస్తాయి. యూనిట్ రాయనివాడికి 2,50,000 వస్తుంది, వాడు అదే జవాబనుకుని దిద్దుకోడు.

ఒక మామూలు లెక్క తీసుకుందాం. 27 డిగ్రీల సెల్సియస్, 740 మి.మీ. పాదరస పీడనం దగ్గర 250 మి.లీ. ఫ్లాస్కు నిండా కార్బన్ డయాక్సైడ్ ఉంది. ఎన్ని మోల్‌లు? పీవీ ఈజ్ ఈక్వల్ టు ఎన్ఆర్‌టీ అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇందులో పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్‌ల సంఖ్య (మోల్ అంటే పదార్థం ఎంతుందో చెప్పే యూనిట్), టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఆర్ వాయు స్థిరాంకం. చిక్కంతా ఆర్ దగ్గర. దానికి 0.0821 అని ఒక విలువ, 8.314 అని ఇంకోటి, 1.987 అని మరోటి పట్టికలో కనిపిస్తాయి. మూడూ ఒకటే, యూనిట్లు వేరు: మొదటిది లీటర్-అట్మాస్ఫియర్లలో, రెండోది జౌళ్లలో, మూడోది కేలరీల్లో, అన్నీ ఒక మోల్‌కు, ఒక కెల్విన్‌కు. 0.0821 తీసుకుంటే పీడనం అట్మాస్ఫియర్లలోనే ఉండాలి: 740 మి.మీ. × (1 అట్మా. ÷ 760 మి.మీ.) = 0.974 అట్మా. ఘనపరిమాణం 0.250 లీ. ఉష్ణోగ్రత 27 + 273 = 300 కెల్విన్. పైన 0.974 × 0.250 = 0.2435 లీ.-అట్మా., కింద 0.0821 × 300 = 24.63 లీ.-అట్మా. ఒక మోల్‌కు. జవాబు 0.0099 మోల్. కార్బన్ డయాక్సైడ్ మోల్‌కు 44 గ్రాములు కాబట్టి 44తో గుణిస్తే 0.435 గ్రాములు.

ఇప్పుడు తప్పులు చూడండి. మి.లీ.ని మార్చడం మరిచిపోతే 9.9 మోల్‌లు వస్తుంది, అంటే పావు లీటరు ఫ్లాస్కులో 435 గ్రాముల గ్యాసు! 27కు 273 కలపకపోతే 0.11 మోల్, సుమారు 4.8 గ్రాములు, అసలుకు పదకొండు రెట్లు. లీటర్లు, అట్మాస్ఫియర్లు పెట్టి ఆర్ మాత్రం 8.314 వేస్తే జవాబు 101 రెట్లు చిన్నదైపోతుంది, ఎందుకంటే ఒక లీటర్-అట్మాస్ఫియర్ 101.3 జౌళ్లు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఈ తప్పులన్నీ కంఠతా వచ్చు. ఇచ్చే నాలుగు ఆప్షన్లలో ఇవే కూర్చుని ఉంటాయి. తన జవాబు ఆప్షన్లలో కనబడిందంటే లెక్క కరెక్టేనని మురిసిపోయే పిల్లవాడు మోసపోయేది ఇక్కడే.

ఒక సులువు కూడా చెప్పాలి, చాలా నోట్సుల్లో ఇది ఉండదు. ఒక కిలోపాస్కల్, ఒక లీటరు గుణిస్తే సరిగ్గా ఒక జౌల్. కాబట్టి పీడనం కిలోపాస్కల్‌లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే 8.314నే నేరుగా వేసుకోవచ్చు. పై లెక్కలోని 740 మి.మీ. 98.66 కిలోపాస్కల్‌లు. 98.66 × 0.250 = 24.67 జౌళ్లు. దాన్ని 8.314 × 300 = 2494తో భాగిస్తే మళ్లీ 0.0099. లీటర్లను ఘనపు మీటర్లు చేసే బెడద తప్పింది.

ఆ ఘనపు మీటర్ల బెడద కూడా తక్కువదేం కాదు. సెంటీమీటరు మీటరులో వందో వంతు కాబట్టి సీసీ (ఘనపు సెంటీమీటరు) కూడా ఘనపు మీటరులో వందో వంతే అనుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటికీ వంద చొప్పున పడాలి, అంటే పది లక్షలు. మేడ మీది వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకే ఒక ఘనపు మీటరు అని చెబితే పిల్లలు మళ్లీ మరిచిపోరు. లీటరుకు వెయ్యి సీసీలు, ట్యాంకుకు వెయ్యి లీటర్లు. అందుకే పాదరసం సాంద్రత సీసీకి 13.6 గ్రాములంటే ఘనపు మీటరుకు 13,600 కిలోలు.

ఉష్ణోగ్రత సంగతి ఒక్క మాటలో. ఉష్ణోగ్రతకు 273 కలపాలి, ఉష్ణోగ్రతలో తేడాకు కలపకూడదు. 100 గ్రాముల నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కాయంటే 10 కెల్విన్‌లు వేడెక్కినట్టే: 100 × 4.184 × 10 = 4184 జౌళ్లు. అక్కడ 283 వేసినవాడు అదే నీటిని 28 రెట్ల వేడితో ఆవిరి చేసేస్తాడు.

ఇక ల్యాబులో. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద ‘బరువు ప్రకారం 36 శాతం, సాంద్రత 1.18’ అని ఉంటుంది. దీని నుంచి 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణం 250 మి.లీ. చేయాలి. శాతం అనేది 100 గ్రాముల ద్రావణంలో 36 గ్రాముల ఆమ్లం. మోలారిటీకి కావలసింది లీటరు ద్రావణం. గ్రాముల నుంచి లీటర్లకు వంతెన సాంద్రత. ఒక లీటరు బరువు 1000 మి.లీ. × 1.18 గ్రా./మి.లీ. = 1180 గ్రా. అందులో ఆమ్లం 36 శాతం, అంటే 424.8 గ్రా. ఆ ఆమ్లం మోల్‌కు 36.5 గ్రాములు కాబట్టి దాన్ని 36.5తో భాగిస్తే 11.6 మోల్‌లు, కనుక సీసాలోది 11.6 మోలార్. మనకు కావలసింది 0.025 మోల్ కాబట్టి 2.15 మి.లీ. చాలు. ముందు ఫ్లాస్కులో సగానికి పైగా నీళ్లు పోసి, అందులోకి ఆమ్లాన్ని బల్బు పెట్టిన పిపెట్‌తో వదిలి, ఆనక గీత దాకా నింపాలి.

సాంద్రత దగ్గర యూనిట్ రాయనివాడు 1.18 ఎందుకిచ్చారో తెలియక వదిలేస్తాడు. లీటరు 1000 గ్రాములే అనుకుని, అందులో 36 శాతమైన 360ని 36.5తో భాగించి 9.86 మోలార్ అంటాడు, 2.15కు బదులు 2.5 మి.లీ. తీస్తాడు. ద్రావణం 0.118 మోలార్ అవుతుంది. 10 మి.లీ. 0.1 మోలార్ క్షారానికి 10 దగ్గర ఆగాల్సిన బ్యూరెట్ 8.5 దగ్గరే ఆగిపోతుంది. పిల్లవాడు సూచికను తిడతాడు. 98 శాతం, 1.84 సాంద్రత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఇదే పొరపాటు చేస్తే 18.4కు బదులు 10 వస్తుంది, తేడా ఇంకా ఘోరం. ఆక్జాలిక్ ఆమ్లం తూచేటప్పుడు జరిగేది మరో రకం. స్ఫటికంలో రెండు నీటి అణువులుంటాయి కాబట్టి మోల్‌కు 126 గ్రాములు. 0.05 మోలార్ 250 మి.లీ.కి 1.575 గ్రాములు తూచాలి. నీటిని మరిచిపోయి 90తో లెక్కేస్తే 1.125 గ్రాములే పడుతుంది. ‘గ్రాములు’ అని కాకుండా ‘స్ఫటిక ఆక్జాలిక్ ఆమ్లం గ్రాములు’ అని రాస్తే ఈ తప్పు జరగదు. యూనిట్ పక్కన పదార్థం పేరు కూడా ఉండాలనేది అందుకే.

యూనిట్ లేని సాంద్రత ఏం చేయగలదో విమానయాన చరిత్రలో ఉంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్ బయల్దేరింది. 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. లీటర్లను బరువు చేయడానికి వాడిన అంకె 1.77. అది లీటరుకు పౌండ్లు. కిలోలైతే 0.803 వేయాలి. 13,597 కిలోలు ఉందని లెక్కగట్టి, ఇంకో 4,916 లీటర్లు పోయించి ఊరుకున్నారు. పోయాల్సింది 20,088 లీటర్లు. దారిలో ఆకాశంలోనే రెండు ఇంజిన్లూ ఆగిపోతే, గిమ్లీ అనే ఊళ్లో వాడుకలో లేని వైమానిక స్థావరం రన్‌వే మీద పైలట్లు గ్లైడర్‌లా దించారు. 69 మందీ బతికారు. ఆ అంకె పక్కన ‘కిలోలు/లీటరు’ అని ఎవరైనా రాసి చూసి ఉంటే అక్కడే అనుమానం వచ్చేది. విమాన ఇంధనం ఒక రకం కిరోసినే. కిరోసిన్ నీళ్ల మీద తేలుతుంది. లీటరుకు 1.77 కిలోలు తూగేదైతే అడుగుకు పోవాలి.

ఇది పిల్లల గొడవే అనుకోకండి. మన ల్యాబుల్లో రక్తంలో చక్కెర డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తారు. అమెరికాలోనూ అంతే. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో ఉన్న మనవాళ్లకు లీటరుకు మిల్లీమోల్‌లలో వస్తుంది. 126 మి.గ్రా./డె.లీ. అంటే లీటరుకు 1260 మి.గ్రా., గ్లూకోజు మిల్లీమోల్ 180 మి.గ్రా. కాబట్టి 7.0. అడ్డదారిలో 18తో భాగించమంటారు. ఆ 18 గ్లూకోజు సొంత ఆస్తి. అదే 18తో 200 కొలెస్ట్రాల్‌ను భాగిస్తే 11.1 వచ్చి ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. కొలెస్ట్రాల్ మిల్లీమోల్ సుమారు 387 మి.గ్రా., కాబట్టి 38.7తో భాగించాలి, అప్పుడు 5.2 వస్తుంది. నల్గొండ ఫ్లోరైడ్ వార్తల్లో వచ్చే పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కూడా ఇలాంటిదే. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కాబట్టి నీటిలో 1.5 పీపీఎం, లీటరుకు 1.5 మి.గ్రా. ఒకటే. గాలికి ఆ లెక్క పనికిరాదు. 25 డిగ్రీల దగ్గర గాలిలో 1 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఘనపు మీటరుకు 1.15 మి.గ్రా.

పేరొకటే, విలువ వేరు అన్న చిక్కూ ఉంది. తులమంటే ఒకచోట 11.66 గ్రాములు, ఇంకోచోట 10 గ్రాములు అయినట్టే, ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర మోల్ వాయువు ఘనపరిమాణం ఒక పుస్తకంలో 22.4 లీటర్లు, ఇంకో పుస్తకంలో 22.7. రెండూ తప్పు కాదు. పాత నిర్వచనంలో పీడనం 1 అట్మాస్ఫియర్. 1982లో ఐయూపీఏసీ (రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ) దాన్ని 1 బార్ చేసింది. సాధనలో ఏ పీడనమో రాయకుండా 22.4 అని ఒకరోజు, 22.7 అని మరో రోజు వేస్తే పిల్లలు ఎవరిని అడగాలి?

మేం కోరేది పెద్దదేం కాదు. పది లెక్కలు వేసేచోట ఎనిమిదే వేసినా ఫర్వాలేదు, ప్రతి మెట్టులో ప్రతి అంకె పక్కన యూనిట్ ఉంచండి, కొట్టేసినవి గీత గీసి చూపించండి. ఆర్‌కు విలువ వేసినప్పుడు దాని యూనిట్ పూర్తిగా రాయండి. అచ్చులో ఘాతాంకాలు కిందికి జారిపోతున్నాయి, అవగాడ్రో సంఖ్య (ఒక మోల్‌లోని కణాల సంఖ్య) 10 మీద ఉండాల్సిన 23వ ఘాతం కిందికి జారి ‘6.022×1023’గా మారి ఆరు వేల చిల్లరకు పడిపోతోంది. పేజీ కట్టేవారు ఒకసారి సరిచూడాలి. అన్నిటికంటే ముఖ్యం, మన లిపిలో మిల్లీగ్రాముకు ‘మి.గ్రా.’, మైక్రోగ్రాముకు ‘మై.గ్రా.’ అని వేస్తున్నారు. రెండింటి మధ్య ఉన్నది ఒక్క గుణింతం, తేడా వెయ్యి రెట్లు. తాగునీటిలో ఆర్సెనిక్ హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఐత్వం ఎగిరిపోయి గుడి పడిందంటే ఆ అంకె విషమవుతుంది. మిల్లీని కుదించినా కుదించకపోయినా, మైక్రోగ్రామును మాత్రం పూర్తి పేరుతోనే అచ్చు వేయమని మనవి.

ఇట్లు,
ఇంటర్ రసాయనశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు