వీడియో చూసే టైమ్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె, మా పాప నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం. కాలేజీలో ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వీడియో కోర్సు తప్పకుండా చెయ్యాలన్నారంట, మంచిదే, ఐఐటీ సార్లు చెప్పే పాఠం ఇంట్లో కూర్చోని ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు, మా కాలంలో ఇట్టాంటిది యాడుంది? కానీ జరిగేదేందంటే పిల్లలు వీడియోలు చూడట్లా, వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్‌కి జవాబులు వాట్సాప్ గ్రూపులో వస్తాయి, అవి చూసి టిక్కులు పెట్టేస్తారు, దానికేమో 25 మార్కులే, మిగతా 75 సెంటర్‌కి పోయి రాసే పరీక్షకి, అక్కడ గ్రూపు ఉండదు గదా, 75కి 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. పోయినసారి మా పాపకి అట్టానే పోయింది, ఫోన్‌లో ఒకటే ఏడుపు.

పిల్లల్నే అనటం న్యాయం కాదు సార్. పొద్దున్నించి సాయంత్రం దాకా క్లాసులు, తర్వాత రికార్డులు, ఇంక ఆ వీడియో ఎప్పుడు చూస్తారు? వారానికి రెండు గంటలు టైమ్‌టేబుల్‌లోనే పెట్టి ల్యాబ్‌లో చూపించండి, పక్కన ఒక లెక్చరర్ ఉండి తెలుగులో డౌట్లు చెప్పినా చాలు. కొన్ని కోర్సులకి తెలుగులో నోట్సు కూడా ఉందంట, మా పాపకి ఆ సంగతి చెప్పినోళ్ళే లేరు.

ఒక తండ్రి, టంగుటూరు, ప్రకాశం జిల్లా