లిఫ్ట్ దగ్గర మూడు నిమిషాలు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్లో "ఆపరేషన్ బాగా అయిపోతే ఇంక టెన్షన్ ఏముందిరా" అన్నావు. తార్నాక ట్రాఫిక్‌లో ఉండి సరేలే అని పెట్టేశాను గానీ, మత్తు డాక్టర్ని, ఆ మాట నాకు మింగుడుపడలేదు. వచ్చే వారం చిట్టితల్లికి టాన్సిల్స్ తీస్తున్నారు కదా, అందుకే ఈ రాత.

నాకు సర్జన్ కత్తి కన్నా థియేటర్ నుంచి రికవరీ గదికి తీసుకెళ్లే దారంటేనే భయం. అంతసేపూ కళ్లు అప్పగించి చూసిన మానిటర్ వైర్లు తీసేసి, పిల్లని స్ట్రెచర్ మీద తోసుకెళ్తాం. మత్తు పూర్తిగా దిగదు, నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డుపడుతుంది. పిల్లల ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తక్కువ. ఖర్చేమో ఎక్కువ. బరువుతో లెక్కేస్తే పసిబిడ్డ వాడే ఆక్సిజన్ మనకు దాదాపు రెట్టింపు.

పోయిన నెల ఒకచోట నాలుగేళ్ల బాబు. థియేటర్లో రక్తంలో ఆక్సిజన్ 99 శాతం. రికవరీ కింది అంతస్తులో. లిఫ్ట్ రాదే! మూడు నిమిషాలు నిలబడ్డాం. పెదాలు ఎర్రగానే కనిపించాయి నాకు. కిందికెళ్లి వేలికి క్లిప్పు పెడితే 84. పక్కకి తిప్పి, గడ్డం పైకెత్తి, ఆక్సిజన్ మాస్క్ పెట్టాక కాసేపటికి 97కి వచ్చింది. వాళ్లమ్మ "నిద్రపోతున్నాడా సార్" అంది. "ఆఁ" అన్నాను. ఆక్సిజన్ తగ్గితే పెదాలు నీలంగా మారతాయి, కానీ ఆ నీలిరంగు కంటికి ఆనేసరికి అంకె 85 కిందికి పడిపోయి ఉంటుందిరా. ఎంత అనుభవమున్నా కన్ను కన్నే. అప్పట్నుంచి చేత్తో పట్టుకెళ్లే చిన్న మానిటర్ లేనిదే స్ట్రెచర్ కదలనివ్వట్లేదు. సిస్టర్లు నాకు సణుగుడు సారని పేరు పెట్టారట.

కరోనాలో నువ్వు కొని బీరువాలో పడేశావే పల్స్ ఆక్సిమీటర్, అదే ఈ వేలి క్లిప్పు. దాని సూత్రం 1970లలో తకువో అవోయాగి అనే జపాన్ ఇంజినీరు కనిపెట్టాడు. వేరే ఏదో కొలుస్తుంటే నాడి కొట్టుకోవడం అడ్డొచ్చిందట, ఆ అడ్డునే పనికి పెట్టుకున్నాడు. 2020లో పోయాడు పాపం, క్లిప్పు ఇంటింటికీ చేరిన ఏడాదే.

నువ్వు చెయ్యాల్సింది కొంచెమే. పాపకి గోళ్లరంగు ఉంటే తుడిపించు, లేకపోతే క్లిప్పు అంకె తప్పు చూపించొచ్చు. పెళ్లికెళ్లి మెహందీ పెట్టించుకొస్తే మాత్రం ముందే చెప్పు, కాలి వేలికి పెడతారు. జలుబు, దగ్గు ఉన్నా దాచకు. "బయటికి తెచ్చేటప్పుడు క్లిప్పు ఉంచుతారా?" అని మత్తు డాక్టర్ని అడుగు. చిరాకు పడితే నా పేరు చెప్పు.

వద్దులే, చెప్పకు. ఆయన నాకు సీనియర్.

నీ
రాజు