11 కిలోల కత్తి తప్పు మాదే: ఆట పెట్టె రెండో ముద్రణ ఎందుకు ఆగింది

పర్లాకిమిడిలో మా ప్రెస్సుకు వచ్చేవారికి, ఆట పెట్టె కొన్నవారికి, ఆదివారం సాయంత్రం వెనకగదిలో బల్ల చుట్టూ కూర్చునేవారికి నమస్కారం.

రెండో ముద్రణ ఉగాదికి వస్తుందని చెప్పాను. రాలేదు. ఇప్పుడు దసరా అని మరో మాట ఇవ్వను. పెట్టెలు అతికించి, ఆరబెట్టి, కొట్లో పేర్చాక కబురు చేస్తాను. ఆలస్యానికి శుభలేఖల పని కొంత కారణమే. ఈ ప్రెస్సుకు అన్నం పెట్టేది అవే కాబట్టి పెళ్లిళ్ల రోజుల్లో ఆట పని అటక ఎక్కుతుంది. కానీ అసలు కారణం నియమాల పుస్తకంలో ఉన్న సామాను బరువుల పట్టీ. అది తప్పుల తడక. ఆ తప్పులు అచ్చుతప్పులు కావు, నా తప్పులు.

ఈ ఆట తెలియనివారికి ఒక ముక్క చెబుతాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. మిగిలినవారికి ఒక్కో పాత్ర. గుహలో దూరారా, కోట గోడ ఎక్కారా, రాక్షసుడికి దొరికిపోయారా అన్నది మాటలతోనూ పాచికలతోనూ తేలుతుంది. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ రకం ఆటలకు మూలం. మన పెట్టె కూడా ఆ కుదురుదే, కథలు మాత్రం మహేంద్రగిరి చుట్టుపక్కల జరుగుతాయి. ఒక పాత్ర ఎంత సామాను మోయగలదు, మోస్తే ఎంత నెమ్మదిస్తుంది అని చెప్పే నియమాన్ని ఇంగ్లీషులో ఎన్‌కంబరెన్స్ అంటారు. నేను దానికి ‘మోత’ అని పేరు పెట్టాను. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ‘భారావరోధం’ అని అచ్చు వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

తప్పు ఎలా బయటపడిందంటే, ఆట గదిలో గోడకు తగిలించడానికి ఒక కత్తి చేయిద్దామని మా వీధి చివరి కమ్మరి తాత దగ్గరకు వెళ్లాను. రెండు చేతులతో పట్టే కత్తి, పొడవు ఇంత, బరువు 11 కిలోలు అని మన పుస్తకం తెరిచి చూపించాను. ఆయన పుస్తకం వైపు చూడలేదు. పక్కనున్న సమ్మెట నా చేతికిచ్చి, “ఇది అయిదు కిలోలమ్మా. పదిసార్లు ఎత్తి దించు, ఆ తరవాత మాట్లాడదాం” అన్నారు. ఆరోసారికే దించేశాను. “దీనికి రెట్టింపు బరువున్న కత్తి తిప్పేవాడికి శత్రువు అక్కర్లేదు” అని మళ్లీ కొలిమి వైపు తిరిగిపోయారు.

ఇంటికి వచ్చి ఆ 11 ఎక్కడిదో వెతికాను. 1978లో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో సామాను మోతను బంగారు నాణేల లెక్కలో కొలిచేవారు. పది నాణేలు ఒక పౌను, అంటే అరకిలోకు కాస్త తక్కువ తూకం. రెండు చేతుల కత్తికి 250 నాణేలు. నేను 250ని పదితో భాగించి, వచ్చిన 25 పౌన్లను కిలోల్లోకి మార్చి, అచ్చుకు ఇచ్చేశాను. ఆ అంకెలో ఉన్నది బరువు ఒక్కటే కాదు. వస్తువు ఎంత పొడుగు, ఎంత అడ్డం, మోయడానికి ఎంత చికాకు అన్నదంతా కలిపి వేసిన అంకె అది. పట్టీ చూశాను, పట్టీ గురించి రాసింది చదవలేదు. మ్యూజియముల్లో ఉన్న నిజమైన రెండు చేతుల కత్తులు చాలావరకు 2 నుంచి 3.5 కిలోల మధ్య తూగుతాయి. ఆ ఆటే 2014 కూర్పుకు వచ్చేసరికి పెద్దకత్తిని 6 పౌన్లకు, అంటే సుమారు 2.7 కిలోలకు దించింది. నా పుస్తకంలో మాత్రం 11 కిలోలు.

నాణేల సంగతి ఇంతకంటే ఘోరం. పది నాణేలు ఒక పౌను అంటే ఒక్కో నాణెం 45 గ్రాములు. బంగారం పని చేసే ఒక ఆటగాడు దీన్ని మొదటి ఆదివారమే పట్టుకున్నాడు. “నాలుగు తులాల నాణెమా అక్కా! అది నాణెం కాదు, బిళ్ల గొలుసు” అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. అప్పుడే వినాల్సింది. విజయనగర కాలపు బంగారు వరహా సుమారు 3.4 గ్రాములు. వెయ్యి వరహాల మూట అంటే 3.4 కిలోలు, చంకన పెట్టుకుని పరుగెత్తవచ్చు. నా పట్టీ ప్రకారం ఆ వెయ్యీ 45 కిలోలు. గుహలో నిధి దొరికిన ప్రతిసారీ మీరంతా దాన్ని అక్కడే వదిలేసి ఏడుస్తూ తిరిగి వచ్చింది ఇందుకే. ఆ ఆటలన్నింటికీ క్షమాపణ చెబుతున్నాను. నాణెం బరువును ఆ పాత ఆట కూడా తరవాతి కూర్పుల్లో పౌనుకు 50కి మార్చింది. అలా లెక్కవేసినా 9 గ్రాములు, వరహాకు రెండున్నర రెట్లు.

సరే, కొత్త కూర్పు అంకెలు తెచ్చి పెట్టేస్తే పోతుంది కదా అనుకున్నాను. అక్కడ కత్తులు సరిగానే ఉన్నాయి, మనుషులే సరిగా లేరు. ఆ 2014 నియమాల ప్రకారం బలం అనే అంకె 10 ఉన్న పాత్ర, అంటే మీలాంటి నాలాంటి మామూలు మనిషి, 150 పౌన్లు మోయవచ్చు. 68 కిలోలు. ఒక సిమెంటు బస్తా, దాని మీద ఇంకో 18 కిలోలు. అంత మోసినా వేగం తగ్గదు! కావాలంటే వాడుకోండి అని ఇంకో కఠినమైన నియమం పక్కనే ఇచ్చారు: 50 పౌన్లు దాటితే నడక మందగిస్తుంది, 100 దాటితే కత్తి తిప్పడం కూడా కష్టమవుతుంది. నాకు అదే న్యాయంగా కనిపించింది. కానీ దాన్ని వాడేవాళ్లు ప్రతి కొవ్వొత్తినీ కూడుతూ కూర్చోవాలి.

అందులోనే సాహసయాత్రికుడి మూట అని ఒకటి ఉంది: సంచి, పరుపుచుట్ట, పది కాగడాలు, పదిరోజుల తిండి, నీళ్ల తిత్తి, యాభై అడుగుల జనపతాడు, వంటసామాను వగైరా. మొత్తం 59 పౌన్లు, దాదాపు 27 కిలోలు. ఇది ఎంతో చూద్దామని ఒక ఆదివారం పాచికలు పక్కన పెట్టి, ఒక సంచిలో బియ్యం, తాడు, నీళ్ల సీసాలు నింపి కాటా మీద 27కి తెచ్చాం. వంతులవారీగా మోసుకుంటూ ప్రెస్సు నుంచి మహేంద్రతనయ వంతెన వైపు నడిచాం. మొదటి మలుపు దాకా హాస్యాలు. రెండో మలుపు దగ్గర పాతపట్నం నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడు, ఆటలో ఎప్పుడూ యోధుడి పాత్రే తీసుకునేవాడు, సంచి దించి నీళ్లడిగాడు. నీళ్లు ఆ సంచి అడుగున ఉన్నాయి. ఏది పైన సర్దాలో, ఏది అడుగున సర్దాలో ఏ పట్టీలోనూ రాయలేదని అప్పుడు తెలిసింది.

కవచం గురించి కూడా మీరు చాలామంది అడిగారు. ఆ నియమాల్లో నిలువెల్లా ఇనుప రేకుల కవచం 65 పౌన్లు, 29.5 కిలోలు. వంటగ్యాసుతో నిండిన సిలిండరును ఇంట్లోకి దొర్లించినవారికి ఆ బరువు తెలుసు. అయితే సిలిండరు ఒక చోట వేలాడుతుంది, కవచం ఒళ్లంతా పరుచుకుంటుంది. అందుకే సరిగ్గా అమరిన కవచంలో మనిషి లేచి, కూర్చుని, గుర్రం కూడా ఎక్కగలడు. అలాగని ఆ బరువు ఊరికే పోదు. 2011లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కవచాలు తొడుక్కున్న మనుషులను ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిచారు. నడవడానికి అయ్యే శక్తి రెట్టింపు దాటింది. అదే బరువు వీపున మోస్తే అంత ఖర్చు కాదట. కాళ్లకు కట్టిన ఇనుమును ప్రతి అడుగుకూ ఎత్తి వేయాలి కదా.

ఇంత దూరం వచ్చాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కుళాయి లేని రోజుల్లో ఒక బిందె నెత్తిన, ఒక బిందె నడుమున పెట్టుకుని మాట్లాడుతూ నడిచేది. అదే నీళ్లు బకెట్టులో పోసి ఒంటిచేత్తో పట్టుకుంటే నాలుగు అడుగులకే వంగిపోయేది. సంతకు కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్ల నెత్తి మీద కట్టెల మోపు, కావిడి బద్ద మీద ఊగే రెండు బుట్టలు, ఇవన్నీ మన కళ్ల ముందు ఉన్నవే. బరువు అంకె ఒకటే అయినా ఎక్కడ మోస్తున్నామో దాన్నిబట్టి మనిషి మారతాడు. ఇంత తెలిసిన ఊళ్లో కూర్చుని అమెరికా పౌన్లను భాగిస్తూ గడిపాను.

కాబట్టి రెండో ముద్రణలో కిలోలు లేవు. పాత్ర పత్రం మీద, అంటే ఎవరి పాత్ర వివరాలు వారు రాసుకునే కాగితం మీద, గడులు ఉంటాయి. బలం ఎంతో అన్ని గడులు. ఒక్కో వస్తువుకు ఒక గడి, పెద్దదైతే రెండు, నిచ్చెనలాంటిదైతే మూడు. ఇరవై బాణాల కట్ట ఒక గడి. రోజు నీళ్లు ఒక గడి, మే నెలలో జరిగే కథ అయితే రెండు. అయిదువందల వరహాలు ఒక గడి. సగం గడులు నిండేదాకా ఏమీ కాదు. సగం దాటితే చప్పుడు చేయకుండా నడవలేరు. అన్నీ నిండితే పారిపోయేటప్పుడు మీరే ఆఖరివారు. మొదటి మూడు గడులు నడుముకు కట్టినవి, చటుక్కున తీయవచ్చు. సంచిలోది తీయాలంటే ఒక వంతు పోతుంది. కావిడి వేసుకుంటే ఆరు గడులు అదనం, కానీ భుజం మీద అది ఉండగా కత్తి దూయలేరు, ఇరుకు గుహలోకి దూరలేరు.

గడుల ఆలోచన నాది కాదు. అలాంటి లెక్క వాడే ఆటలు చాలానే ఉన్నాయి. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో కూర్పు కూడా పౌన్లు వదిలి బరువునూ పరిమాణాన్నీ కలిపి ఒకే అంకెగా లెక్కపెడుతుంది. అంతెందుకు, మన రైల్వేవారిదీ ఇదే పద్ధతి. స్లీపరు టికెట్టుకు 40 కిలోల సామాను ఉచితం, కానీ పెట్టె మరీ పెద్దదైతే తేలికదైనా బోగీలోకి రానివ్వరు. కావిడి నియమం మాత్రం నాదే. అందులో లోపాలుంటే నన్నే తిట్టండి.

ఈ మార్పు అందరికీ నచ్చదని తెలుసు. పాతపట్నం జట్టు బరువు నియమమే వద్దంటోంది: “మంత్రాలు, రాక్షసులు ఉన్న కథలో తాడు బరువు ఎందుకండీ?” రాక్షసుణ్ణి నమ్మాలంటే తాడు నిజంగా తాడులా ఉండాలని నా అభిప్రాయం. పైగా బరువు లేకపోతే అందరూ అన్నీ తెచ్చుకుంటారు. నిచ్చెన తేవాలా, ఇంకో రోజు నీళ్లు తేవాలా అని బల్ల చుట్టూ జరిగే గొడవ నాకు కత్తియుద్ధం కంటే ఇష్టం. ఇంకోవైపు, పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు అధికారి గ్రాములతో సహా పెద్దపుస్తకంలో రాసుకునేవారు. గడుల సంగతి చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. గడుల్లో పిచ్చి లెక్కలు ఉన్నమాట నిజమే: గొడ్డలికీ వేణువుకూ ఒకే గడి. ఆయన కోసం సరిచేసిన కిలోల పట్టీని వెనక పేజీల్లో ఉంచుతున్నాను. వాడేవారు వాడుకోండి.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. మొదటి ముద్రణలో బరువుల కూడికలు అంత కష్టంగా పెట్టడం వెనక నాకు చిన్న ఆశ ఉంది. విడిగా మోత లెక్క కాగితాల పుస్తకాలు వేసి అమ్మవచ్చని 200 కుట్టించాను. తొమ్మిది అమ్ముడుపోయాయి. మిగిలినవాటి వెనకవైపు ఈ మధ్య శుభలేఖల చిత్తుప్రతులు రాస్తున్నాను. మీ పెళ్లి కార్డు నమూనా వెనక ‘కాగడాలు, బరువు’ అని కనిపిస్తే కంగారుపడకండి. ఆ తొమ్మిదిమందికి డబ్బు తిరిగి ఇస్తాను.

మొదటి పెట్టె కొన్నవారు కొత్తది కొననక్కర్లేదు. కొత్త పాత్ర పత్రాలు ఆరు, సవరించిన నాలుగు పేజీలు విడిగా కుట్టి ఉచితంగా ఇస్తాను. ప్రెస్సుకు వచ్చి తీసుకోవచ్చు. గుణుపురం, టెక్కలి, బరంపురం వారికి పోస్టులో పంపుతాను, ఖర్చు నాదే. పెట్టె వద్దు, డబ్బు కావాలి అనేవారికి అలాగే ఇస్తాను, పాచికలు పోయాయని పేచీ పెట్టను. కొత్త పెట్టె ధర 40 రూపాయలు పెరుగుతుంది. అట్ట ధర పెరిగింది, పాచికలు పెట్టే గుడ్డసంచి ఈసారి మంచిది కుట్టిస్తున్నాను. ఒడియాలో ఎప్పుడని అడిగేవారికి ఇప్పుడప్పుడే కాదనే నా జవాబు. తెలుగులోనే ఇన్ని తప్పులు చేశాక ఇంకో భాషలో వెంటనే మొదలుపెట్టలేను.

ఆదివారం ఆట మామూలుగానే నాలుగు గంటలకు. కొత్త నియమాలతో ఆడతాం కాబట్టి పాత పాత్రల సామాను జాబితాలు తెచ్చుకోండి, గడుల్లోకి కలిసి మారుద్దాం. కమ్మరి తాత చేసిన కత్తి గోడకు ఎక్కింది. రెండున్నర కిలోలు. దాని కింద కాటా ఉంది, చూసుకోవచ్చు.