రసీదు ఎక్కడ పెట్టావమ్మా?

తెనాలి,
9 నవంబరు 2025, ఆదివారం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాలూ చూసినవాణ్ణి, నాది ఒకటి వెళ్తే బరువేం కాదు. పైగా ఫోను చేస్తే "మీటింగులో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ కోసం చూస్తూ పన్నెండు రోజులైంది.

మొన్న బుధవారం పౌర్ణమికి అమ్మ గుళ్ళో 365 వత్తులు వెలిగించింది. చెయ్యి కాస్త కాలింది, పెద్దదేం కాదు, బర్నాల్ రాశాం. నేను చెప్పానని అనకు. పెరట్లో ఉసిరి ఈ ఏడు విరగకాసింది. బందరు అత్తయ్య వచ్చి సగం పట్టుకుపోయింది. పోతూ పోతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "చిట్టి బుక్ చేసిన కారు వద్దనేసిందటగా అన్నయ్యా, రంగు నచ్చలేదట" అంది.

అమ్మ నా వంక చూసింది. నేను పంచాంగం వంక చూశాను.

సరే, అది నీ డబ్బు, నీ ఇష్టం. నేనేం అడగను. రసీదు మాత్రం జాగ్రత్తగా పెట్టుకున్నావు కదా?

అల్లుడుగారి నడుం నొప్పి ఎలా ఉంది? ఆయన్ని మోటారు సైకిలు మీద అంతదూరం ఆఫీసుకి పంపకు. చింటూకి చలికి చెవులు మూసే టోపీ కొను. వాడి స్కూలు వ్యాను ఇప్పుడు వేళకి వస్తోందా? కారుంటే ఆ బాధ ఉండేది కాదనుకో. దసరాకల్లా ఇస్తామన్నారుగా, దీపావళి కూడా వెళ్ళిపోయింది. ఈ నెలాఖరుకి మూఢం వస్తుంది, మధ్యలో పుష్యమాసం, ఇప్పుడు తియ్యకపోతే మళ్ళీ ఫాల్గుణంలోనే అని అమ్మ లెక్కలు వేస్తోంది. నాకు ముహూర్తం గొడవ లేదు. నా గొడవ వేరే.

వరలక్ష్మీ వ్రతం నాడు షోరూమ్‌లో దిగిన ఫొటో పంపావు చూడు, దాన్ని మొన్న రాత్రి వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నీ చేతిలో ఉన్న కాగితం కొటేషనమ్మా, రసీదు కాదు. పైన ప్రొఫార్మా అని ఉంది. కింద సంతకం ఉంది గానీ స్టాంపు లేదు. బుకింగుకి కట్టిన ఆ పాతిక వేలూ సేల్స్ అబ్బాయి నంబరుకే ఫోన్‌పే చేశానని ఆరోజు నువ్వే అన్నావు. నేను అప్పుడే అడగాల్సింది, నీ సంతోషం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ అబ్బాయి ఉద్యోగం మానేశాడని కూడా అత్తయ్యే చెప్పింది. ఆవిడకి ఇవన్నీ ఎవరు చెబుతారో!

షోరూముల వాళ్ళ మాటలు నాకు తెలియనివి కావు. "అలాట్ అయింది మేడం, ట్రాన్సిట్‌లో ఉంది" అంటారు. చాసిస్ నంబరు ఇవ్వమను, నిజంగా అలాటయితే నంబరు ఉండి తీరాలి. "టాప్ మోడలైతే రేపే ఇస్తాం" అన్నారంటే చవక మోడలు వచ్చినా నీకు చెప్పరని అర్థం. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, పైన సెస్సూ పోయింది. ఊరంతా ఒక్కసారే ఎగబడింది, ఆలస్యం అవుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. బండి, బిల్లు రెండూ ఆ తేదీ తర్వాతే కాబట్టి నీకు కొత్త పన్నే పడాలి. పన్ను తగ్గింది కనక ముందు ఒప్పుకున్న డిస్కౌంటు పోయిందంటే మాత్రం ఊరుకోకు. ఇన్సూరెన్సు కూడా వాళ్ళ దగ్గరే చేయించాలనే రూలేం లేదు. లోను డబ్బు బ్యాంకు వాళ్ళు అప్పుడే డీలరు ఖాతాలో వేసేశారా? వేసేస్తే బండి లేకుండానే ఈఎంఐ మొదలవుతుంది. ఈ ఒక్కటీ ఇవాళే కనుక్కో.

చూశావా, లెక్చరు ఇవ్వనని అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను.

తాతయ్య స్కూటరు సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు. 1974లో ఆయన బజాజ్ స్కూటరు బుక్ చేశారు. ఎన్ని స్కూటర్లు తయారు చెయ్యాలో ఢిల్లీ లైసెన్సు చెప్పే రోజులవి, ఏళ్ళ తరబడి వరస. పోస్టాఫీసులో డబ్బు కట్టి, ఆ పాసుబుక్కు డీలరు పేరున రాసిస్తే ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. ఏడేళ్ళకి, 1981లో వంతు వచ్చిందని కార్డు వచ్చింది. మీ నాయనమ్మ ఆ కార్డుకి బొట్టు పెట్టింది. ఆయన ప్యాసింజరులో బెజవాడ వెళ్ళారు. "లారీ పూణేలో బయల్దేరింది మాస్టారూ" అన్నాడట గుమాస్తా తలెత్తకుండా. రెండోసారి, సైడు బాక్సూ సీటు కవరూ కూడా కొనాలన్నాడు. సరే అన్నారు. మూడోసారి, లారీ ఇంకా రాలేదు. ఏ లారీ అయినా పూణే నుంచి నెలన్నర నడుస్తుందా?

నాలుగోసారి నేను కూడా వెళ్ళాను. అప్పుడే నాకు ఉద్యోగం వచ్చింది, కొత్త టెర్లిన్ చొక్కా. గుమాస్తా రిజిస్టరు తిప్పి, "మీ బండి డెలివరీ అయిపోయింది, ఇదిగో మీ సంతకం" అన్నాడు. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. ఆయన జీవితంలో తెలుగులో తప్ప సంతకం చెయ్యలేదు. రిజిస్టరులో ఉన్నది ఇంగ్లీషులో ఉంది. కొత్త స్కూటరు షోరూము ధరకంటే బయట ఎక్కువకి పోయే కాలం, ఎవరో ఎవరికో అమ్ముకున్నారు. నేను గొంతు పెంచబోతే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. గొడుగు చంకలో పెట్టుకుని బయటికి నడిచారు. స్టేషన్లో డజను బత్తాయిలు కొన్నారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "రంగు నచ్చలేదే, వద్దని చెప్పొచ్చాను" అన్నారు నాయనమ్మతో.

వీధంతా నమ్మింది. పంతులుగారికి ఎంత పట్టింపో అన్నారు. 1993 దాకా ఆయన సైకిలే తొక్కారు.

ఆయన పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆ కార్డు, దానికింద నాలుగు పేజీల అర్జీ కనబడ్డాయి. కంపెనీ మేనేజరుగారికి అని అచ్చు గుద్దినట్టు రాశారు, తారీఖులన్నీ వేశారు. కవరులో పెట్టి, అంటించి, స్టాంపు కూడా వేశారు. పోస్టు చెయ్యలేదు. నా పోస్టాఫీసు ఇంటికి నాలుగు వీధుల అవతల.

నీలం రంగే కావాలని నెల్లాళ్ళు అల్లుడుగారితో పోట్లాడినదానివి నువ్వు. అత్తయ్యకి నువ్వేం చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక అసలు పని. ఆర్టీసీ పార్సిల్లో ఉసిరికాయ పచ్చడి పంపాను, దానితో ఒక కవరు ఉంది. అందులో డీలరుకి నోటీసు రాసి పెట్టాను. బుకింగు తేదీ, డబ్బు, ఇస్తామన్న గడువు, పదిహేను రోజుల్లో బండి లేదా పూర్తి డబ్బు. ఖాళీలు నింపి సంతకం పెట్టు. ఫోన్‌పే స్క్రీన్‌షాటు, ఆ అబ్బాయి వాట్సాప్ మెసేజులు ప్రింటు తీసి జతచెయ్యి. డబ్బు ఎవరి నంబరుకి వెళ్ళినా, షోరూములో కూర్చుని తీసుకున్నాడు కదా, వాళ్ళ కొటేషను మీద వాళ్ళ మనిషే సంతకం పెట్టాడు. స్పీడ్ పోస్టులో పంపు. రిజిస్టర్డ్ పోస్టుని ఈ ఏడాదే స్పీడ్ పోస్టులో కలిపేశారు, నాకైతే ఇంట్లో మనిషి పోయినట్టుంది. అప్పటికీ పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చెయ్యి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషను. 2019 చట్టం వచ్చాక నువ్వుండే చోటే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళ దాకా టైముంది, కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయరు అక్కర్లేదు, నేనొస్తాను. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి మీ ఇంట్లో ఉంటాను.

ఇప్పటికీ బండే కావాలనుకుంటే తీసుకో, కాదనను. డిసెంబరు దాటి ఇస్తే ఫారం 21లో, అంటే డీలరు ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్లో, తయారైన నెల, సంవత్సరం చూడకుండా సంతకం పెట్టకు.

ఆదివారం రాత్రి ఎనిమిదికి నేను ఫోను దగ్గరే ఉంటాను, వార్తలు కట్టేసి. కారు మాట ఎత్తను, చింటూతో మాట్లాడించు చాలు. పచ్చడి సీసా నిటారుగా పెట్టు, మూత కాస్త వదులు. నోటీసుకి నూనె అంటితే పారెయ్యకు, ఇంకో కాపీ నా దగ్గరుంది.

మీ నాన్న