విలేకరులు గోదావరి దాటి వస్తే కదా!

సంపాదకుడు గారికి,

సెల్‌ఫోన్ విలేకరుల మీద మీ పేపర్లో వ్యాసం వచ్చి వారమైంది, నాకింకా మింగుడు పడలేదు. ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ జర్నలిస్టేనా అని వెక్కిరించారు. సరే, మరి అసలు జర్నలిస్టులు గోదావరి దాటి ఇటు వస్తే కదా!

మాది గోదావరికి ఇవతల, మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. తెలుగు పేపర్లకు మేం మహారాష్ట్ర వాళ్లం, మరాఠీ పేపర్లకు తెలుగోళ్లం. 2022 జులై వరదకు మా ఊరి పత్తి చేలు మునిగితే చూసిన విలేకరి లేడు. మా తమ్ముడి కొడుకు ఫోన్‌కు పాలిథిన్ కవరు చుట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి వీడియో తీశాడు. రెండ్రోజులుగా అర్జీ పట్టుకుని తిరుగుతుంటే ‘సర్వే అయ్యాక చూద్దాం’ అన్న ఆఫీసరు, ఆ వీడియో గ్రూపుల్లో తిరిగిన మర్నాడే జీపులో దిగాడు. బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడి ఫొటో దిగి వెళ్లాడు. పరిహారం సంగతి అడక్కండి. జిల్లా కేంద్రానికి వెళ్లి అడుగుదామంటే రెండొందల కిలోమీటర్ల పైమాటే, ఆ రోడ్డు గురించి రాస్తే మీ పేజీ చాలదు.

2023 అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగినప్పుడు మాత్రం కెమెరాలకు కొదవలేదు. బరాజ్ రెండో కొస మా తాలూకాలో ఉందని ఎంతమంది చెప్పారు?

గ్రూపుల్లో అబద్ధాలు తిరగవా అంటే తిరుగుతాయి. ఎవడో ఎక్కడిదో పాత వీడియో పెట్టి గేట్లు కొట్టుకుపోయాయంటే, పిల్లాజెల్లా మేకలతో సహా రాత్రంతా గుడి అరుగు మీద జాగారం చేశాం. వాణ్ణి తిట్టినవాళ్లలో నేనే ముందున్నా. అలాగని కట్టడి పెట్టాలంటే ఎలా? 2012లో మా రాష్ట్రంలోనే, పాల్ఘర్‌లో, ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు. ఆ అరెస్టులకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసేసరికి 2015 వచ్చింది. సాగు చట్టాలు వద్దని ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతుల పేజీని 2020 డిసెంబరులో ఫేస్‌బుక్కే కొన్ని గంటలు ఎత్తేసింది. వాళ్లకైతే సొంతంగా అచ్చేసుకున్న ‘ట్రాలీ టైమ్స్’ పత్రిక ఉండేది. మాకేముంది, ఫోన్ తప్ప? రీచార్జ్ అయిపోతే అదీ లేదు.

అన్నట్టు, మీ పేపరు మా ఊరికి మధ్యాహ్నం బస్సుకొస్తుంది, అదీ వస్తే. ఆ వ్యాసం కూడా తమ్ముడి కొడుకు వాట్సాప్‌లో పంపితేనే చదివాను.

— ఒక రైతు, సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా