మా పాప రెండు జడల వెనక ఉన్నవాళ్ళందరికీ కృతజ్ఞతలు

ఈ ఆదివారం మా పాపకు మొదటిసారి రెండు జడలు వేశాం. ఎడమ జడ ఇంకా పొట్టిగానే ఉంది, రిబ్బను నిలవడం లేదు. అయినా వేశాం. దీనికి సాయపడినవాళ్ళందరినీ కలిసి చెప్పే వీలు లేక ఇక్కడ రాస్తున్నాను.

పాపకు రెండేళ్ళప్పుడు ఇంట్లో గంజి వారుస్తుంటే గిన్నె జారి తల మీద పడింది. గంజి నీళ్ళలా జారిపోదు, అంటుకుపోతుంది. గాయం లోతుగా దిగింది. తొడ మీది చర్మం తీసి అతికారు. మానింది గానీ, ఎడమ చెవి పైన అరచేయంత మేర జుట్టు రాలేదు. అలా అతికిన పల్చటి చర్మంలో వెంట్రుక కుదుళ్ళు ఉండవట. ఐదేళ్ళు స్కార్ఫుతోనే గడిపాం. ఇక ఇంతేనమ్మా అన్నవాళ్ళే ఎక్కువ.

గుంటూరులో ప్లాస్టిక్ సర్జన్ మేడమ్ మాత్రం కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. జుట్టున్న చర్మం కింద ఒక సిలికాన్ సంచి పెట్టి, వారం వారం సూదితో సెలైన్ ఎక్కిస్తారు. సంచి ఉబ్బేకొద్దీ పైనున్న చర్మం పెరుగుతుంది. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద చర్మం పెరగలేదా? అలాగే" అన్నారు. సరిపడా పెరిగాక సంచి తీసేసి, జుట్టు లేని చోటును కోసేసి, పెరిగిన చర్మాన్ని అక్కడికి జరిపి కుడతారు. కొత్త కుదుళ్ళు పుట్టవు, ఉన్నవే కాస్త ఎడంగా సర్దుకుంటాయి అనీ చెప్పారు. ఇన్ఫెక్షన్ రావచ్చు, సంచి చర్మాన్ని చీల్చుకుని బయటపడవచ్చు, అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి. అదీ దాచలేదు. మేడమ్, మీరు దాచకుండా చెప్పినందుకే మాకు ధైర్యం వచ్చింది.

1957లో అమెరికాలో న్యూమన్ అనే సర్జన్ తెగిన చెవిని మళ్ళీ చేయడానికి చర్మం కింద రబ్బరు బుడగ పెట్టారట. 1970లలో రాడోవన్ అనే డాక్టరు సిలికాన్ సంచి తెచ్చారట. వాళ్ళకూ నా దండాలు.

ఆపరేషన్ కంటే ఆ తర్వాతి మూడు నెలలే కష్టం. కుట్లు మానాక ప్రతి శనివారం 30 మి.లీ. చొప్పున ఎక్కించారు. బత్తాయంత ఉన్న బుడిపె చిన్న కొబ్బరికాయంత అయింది. బస్సులో అందరూ తిరిగి చూసేవాళ్ళు. సత్తెనపల్లి బస్సు కండక్టర్ అన్న మమ్మల్ని చూడగానే ముందు సీటు ఖాళీ చేయించేవాడు, కుదుపులకు తల తగలకుండా. అన్నా, నీ పేరు కూడా అడగలేదు, క్షమించు.

సిస్టర్ గారూ, మీరు గంట ముందే మొద్దుబారే క్రీము రాసి, పాప చేతే అంకెలు లెక్కపెట్టిస్తూ సూది వేసేవారు. చర్మం తెల్లబడినా, పాప "చాలు" అన్నా ఆపేసేవారు. ఒక శనివారం 20 దగ్గరే ఆగిపోతే నాకు టెన్షన్ వచ్చింది. "పాప చెప్పిందే లెక్కమ్మా" అన్నారు. ఆ మాటతోనే పాపకు భయం పోయింది.

రెండో తరగతి టీచర్ గారు పాప రాకముందే పిల్లలకు అంతా విడమరిచి చెప్పి, ఎడమ పక్క ఎవరూ తగలకుండా గోడ వైపు కూర్చోబెట్టారు. ఒక్క పిల్లాడూ నవ్వలేదు.

మీ పిల్లలకు ఇలాంటి ఆపరేషన్ చెప్పి ఉంటే, భయంగా ఉంటే, మెసేజ్ పెట్టండి. పాపను తీసుకొచ్చి చూపిస్తాను. కుట్టు గీత ఉంది, అదీ చూడండి.

చివరగా మా అత్తయ్య. ఆ రోజు గిన్నె జారింది ఆవిడ చేతిలోంచే. ఐదేళ్ళుగా ఆవిడ మా ఇంట్లో గంజి వార్చలేదు, పాప తల దువ్వలేదు. శనివారాలన్నీ మాతో బస్సెక్కి వచ్చి, పాప కుడిచేయి పట్టుకుని కూర్చున్నారు. మొన్న ఆదివారం కుడి జడ నేను వేశాను. ఎడమ జడ అత్తయ్య వేశారు.